డీబేస్‌ని తయారుచేసిన ఆష్టన్-టేట్‌ని ముంచింది మైక్రోసాఫ్టేనా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. మీ నాన్నగారు తొంభైల మొదట్లో, పేర్లు, లెక్కలు పట్టికలుగా దాచుకుని వెతుక్కునే డీబేస్ అనే డేటాబేస్ ప్రోగ్రాం నేర్చుకుని, దాని మీదే ఉద్యోగం తెచ్చుకున్నారు. దాన్ని తయారుచేసిన ఆష్టన్-టేట్ అప్పట్లో మైక్రోసాఫ్ట్, స్ప్రెడ్‌షీట్ల కంపెనీ లోటస్‌ల సరసన నిలిచిన కంపెనీ అని ఆయన చెబుతుంటే మీకు నమ్మబుద్ధి కావడం లేదు. అంత పెద్ద కంపెనీ పేరు కూడా వినపడకుండా ఎలా పోయింది, మైక్రోసాఫ్టే తొక్కేసిందా అన్నది మొదటి ప్రశ్న. ఇంట్లో దొరికిన పాత డీబీఎఫ్ ఫైళ్లు (డీబేస్ డేటా దాచే ఫైళ్లు) ఇప్పుడు తెరుచుకుంటాయా అన్నది రెండోది.

నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఎనభైల మధ్యలో పర్సనల్ కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ అమ్మే కంపెనీల్లో ఆ మూడే పెద్దవి. 1988లో ఆష్టన్-టేట్ అమ్మకాలు 30 కోట్ల డాలర్లు దాటాయి.

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు: మైక్రోసాఫ్ట్ ముంచలేదు. తన సరుకును ఊరూరా తీసుకెళ్లి అమ్మిపెడుతున్న ప్రోగ్రామర్ల నమ్మకాన్ని ఆష్టన్-టేట్ చేజేతులా పోగొట్టుకుంది. 1988 అక్టోబరులో తప్పులతడకగా ఉన్న డీబేస్ 4ని బజారులోకి వదిలింది. దాన్ని సరిచేయడానికి రెండేళ్లకు దగ్గరగా తీసుకుంది. ఆ మధ్యలోనే, డీబేస్ ప్రోగ్రాములను తనకంటే వేగంగా నడుపుతున్న చిన్న కంపెనీ మీద కోర్టుకెక్కింది. 1991కల్లా బోర్లాండ్ అనే మరో సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలోకి వెళ్లిపోయింది. మైక్రోసాఫ్ట్ సొంత డేటాబేస్ యాక్సెస్ వచ్చింది 1992 నవంబరులో. అప్పటికి ఆష్టన్-టేట్ అనే కంపెనీయే మిగల్లేదు.

నేను డీబేస్ 3 ప్లస్‌తో మొదలుపెట్టి, అదే డీబేస్ భాషతో పనిచేసే క్లిప్పర్, ఫాక్స్‌ప్రోల మీద చాలాకాలం బతికినవాణ్ణి. రైస్ మిల్లులకు, మందుల హోల్‌సేల్ షాపులకు, చిట్‌ఫండ్ ఆఫీసులకు లెక్కల ప్రోగ్రాములు రాసిచ్చాను. అందుకే ఈ కథను కంపెనీ బ్యాలెన్స్ షీటు వైపు నుంచి కాకుండా ప్రోగ్రామర్ల వైపు నుంచి చెబుతాను. నాకు తెలిసి దీని కీలకం అక్కడే ఉంది.

ఎక్కడ పుట్టింది

కాలిఫోర్నియాలో నాసాకు పనిచేసే జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఉంది. అక్కడ కాంట్రాక్టు మీద పనిచేస్తున్న వేన్ ర్యాట్లిఫ్ అనే ఇంజినీరు ఆఫీసులో స్నేహితులు వేసుకునే ఫుట్‌బాల్ పందెంలో గెలవాలని జట్ల గణాంకాలన్నీ ఒకచోట పెట్టి చూడాలనుకున్నాడు. చేత్తో లెక్కలు వేయడం కుదరక, ఇంట్లో తానే బిగించుకున్న ఇమ్‌సాయ్ 8080 కంప్యూటర్ మీద 1978లో ఒక ప్రోగ్రాం రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు వల్కన్. స్టార్ ట్రెక్ సీరియల్‌లో స్పాక్ అనే పాత్ర జాతి పేరు అది.

ఆలోచన మాత్రం పూర్తిగా ఆయనది కాదు. అదే లేబొరేటరీలో యూనివాక్ పెద్ద కంప్యూటర్ మీద జేపీఎల్‌డిస్ అనే డేటా వ్యవస్థ అప్పటికే నడుస్తోంది. జెబ్ లాంగ్ అనే ప్రోగ్రామర్ దాన్ని పెంచి పెద్దచేశాడు. అందులో ఆదేశాలు మామూలు ఇంగ్లీషు మాటల్లా ఉండేవి. ర్యాట్లిఫ్ ఆ పద్ధతినే చిన్న కంప్యూటర్‌లోకి తెచ్చాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, పన్నెండేళ్ల తర్వాత కోర్టులో ఇదే బయటికొస్తుంది.

1979లో ర్యాట్లిఫ్ వల్కన్‌కి పత్రికలో ప్రకటన ఇచ్చి తానే అమ్మాడు. పగలు ఉద్యోగం, రాత్రి ప్రోగ్రాం, మధ్యలో ఫ్లాపీలు ప్యాక్ చేసి పోస్టులో పంపడం. ఒక్క మనిషి ఎన్నాళ్లు చేయగలడు? చాలించుకుందామనుకుంటున్న సమయంలో సాఫ్ట్‌వేర్ వ్యాపారం చేస్తున్న జార్జ్ టేట్, హాల్ లాష్లీ అనే ఇద్దరు వచ్చి, మేం అమ్మిపెడతామన్నారు. వాళ్ల ప్రకటనలు చూసే హాల్ పావ్‌లుక్ పేరు మార్చమన్నాడు. అలా వల్కన్ కాస్తా డీబేస్ 2 అయింది. డీబేస్ 1 అనేది ఏనాడూ లేదు. మొదటిదాన్నే రెండోది అంటే, ఒకసారి వాడి సరిచేసిన సరుకులా జనానికి ధైర్యంగా ఉంటుందని అలా పెట్టారు. కంపెనీ పేరులోని ఆష్టన్ కూడా కల్పితమే. టేట్ ఉన్నాడు గానీ ఆష్టన్ అనే భాగస్వామి ఎవరూ లేరు. ర్యాట్లిఫ్ రాయగలడు, టేట్ అమ్మగలడు. ఆ ఇద్దరి కలయికే తొలి మూడేళ్ల ఎదుగుదలకు అసలు బలం.

ధర 695 డాలర్లు. ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు, అయినా కొన్నారు. 1982లో ఐబీఎం పీసీకి డీబేస్ 2 వచ్చింది, 1983లో కంపెనీ షేర్లు బజారులోకి వచ్చాయి.

జనం ఎందుకు ఎగబడ్డారు

మీ తరానికి ఇది కాస్త వివరంగా చెప్పాలి. డీబేస్ తెరిస్తే స్క్రీన్ మీద ఒక చుక్క కనిపించేది, అంతే. దాన్ని డాట్ ప్రాంప్ట్ అనేవాళ్లం. ఆ చుక్క పక్కన యూజ్ అని కొట్టి ఫైలు పేరు కొడితే ఫైలు తెరుచుకునేది. లిస్ట్ ఫర్ అని రాసి, బాకీ 5000 కంటే ఎక్కువ అని షరతు పెడితే, అంతకు మించి బాకీ ఉన్నవాళ్లందరూ వరసగా వచ్చేసేవాళ్లు. దానికోసం ప్రోగ్రాం రాయక్కర్లేదు, కంపైల్ చేసి నడిచే ఫైలుగా మార్చక్కర్లేదు. అడగ్గానే జవాబు వస్తుంది.

తర్వాతి మెట్టు ఇంకా ముఖ్యం. చుక్క దగ్గర కొట్టిన ఆ ఆదేశాలనే ఒక ఫైలులో వరసగా పేర్చి, డూ అంటే అదే ప్రోగ్రాం అయిపోయేది. లెక్కలు రాసే గుమాస్తా సైతం నెమ్మదిగా ప్రోగ్రామర్ అయ్యే దారి అది. నాకు తెలిసిన రైస్ మిల్లులో అకౌంట్లు చూసే ఆయన ఇంటర్ దాటలేదు. ధాన్యం తెచ్చిన రైతు పేరు, బస్తాలు, తేమ, తరుగు, హమాలీ, అడ్వాన్సు, ఇవ్వాల్సిన బాకీ అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని, సాయంత్రానికి ఎవరికెంత ఇవ్వాలో ప్రింటు తీసుకునేవాడు. నేను రాసిచ్చిన ప్రోగ్రాంలో తరుగు లెక్క మారిస్తే ఆయనే ఫైలు తెరిచి ఆ ఒక్క లైను దిద్దుకునేవాడు. ఇవాళ అంతటి వెసులుబాటు ఉన్న బిజినెస్ సాఫ్ట్‌వేర్ నాకు కనపడదు.

డీబేస్ 2లో ఒక రికార్డుకు (పట్టికలో ఒక వరసకు) 32 ఫీల్డులే (గడులే), ఒకేసారి రెండు ఫైళ్లే తెరవగలం. 1984లో వచ్చిన డీబేస్ 3లో 128 ఫీల్డులు, పది ఫైళ్లు అయ్యాయి. ఆ తర్వాత నెట్‌వర్క్ మీద నడిచే డీబేస్ 3 ప్లస్ వచ్చింది. మన దగ్గర నాటుకుపోయింది అదే. హైదరాబాద్, విజయవాడ మొదలుకొని చిన్న పట్టణాల దాకా కంప్యూటర్ సెంటర్లన్నింటి బోర్డుల మీద వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ అనే మూడు పేర్లూ కలిసే ఉండేవి. మన దగ్గర డబ్బు పెట్టి కొన్న కాపీలకంటే ఫ్లాపీల మీద చేతులు మారినవే ఎక్కువ, అది కూడా చెప్పాలి.

నిజంగా అమ్మిందెవరు

మిల్లు యజమాని డీబేస్ కావాలని ఏనాడూ అడగలేదు. ధాన్యం లెక్కలు తేలాలన్నాడు. డీబేస్ పెట్టుకుందామని చెప్పింది ప్రోగ్రామర్. అమెరికాలోనూ ఇదే కథ. డెంటిస్టుకి, వీడియో షాపుకి, న్యాయవాదికి ప్రోగ్రాం రాసిచ్చే వేలాది స్వతంత్ర ప్రోగ్రామర్లు తమ కస్టమర్ చేత డీబేస్ కొనిపించారు. కంపెనీ జీతాలిచ్చిన సేల్స్ సిబ్బంది కంటే జీతం లేని ఈ సిబ్బందే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఈ ప్రోగ్రామర్లకు రెండు ఇబ్బందులు ఉండేవి. డీబేస్ నెమ్మది, ప్రతి లైనూ అప్పటికప్పుడు చదువుకుంటూ నడిచేది. పైగా ప్రోగ్రాం నడవాలంటే కస్టమర్ దగ్గర కూడా డీబేస్ కాపీ ఉండాలి.

ఈ రెండింటికీ బయటివాళ్లు మందు కనిపెట్టారు. నాన్‌టకెట్ అనే చిన్న కంపెనీ క్లిప్పర్ అనే కంపైలర్ తెచ్చింది. డీబేస్‌లో రాసిన ప్రోగ్రాంని దానికిస్తే, తనంతట తాను నడిచే ఈఎక్స్ఈ ఫైలు ఇచ్చేది. కస్టమర్ డీబేస్ కొనక్కర్లేదు, మనం రాసిన కోడ్ వాళ్ల కంటపడదు. ఇక ఒహాయో రాష్ట్రంలో డేవ్ ఫుల్టన్ అనే ప్రొఫెసర్ పెట్టిన ఫాక్స్ సాఫ్ట్‌వేర్, ఫాక్స్‌బేస్ తెచ్చింది. అవే ఆదేశాలు, అవే ఫైళ్లు, కానీ వేగం ఎన్నో రెట్లు. డీబేస్‌లో టీ తాగొచ్చేంత సేపు పట్టే, రికార్డులను వరసలో పెట్టే ఇండెక్స్ పని, అదే మెషిన్ మీద ఫాక్స్‌బేస్‌లో కూర్చున్నచోటే అయిపోవడం నేను కళ్లారా చూశాను.

ఇక్కడ కంపెనీ బాధనూ న్యాయంగా చూడాలి. క్లిప్పర్‌తో కంపైల్ చేసిన ప్రతి ప్రోగ్రాం వల్ల ఒక డీబేస్ కాపీ అమ్మకం పోయినట్టే. కోట్లు ఖర్చుపెట్టి ప్రచారం చేసి బజారు తయారుచేసింది మేమైతే, పంట కోసుకునేది వేరేవాళ్లా అన్న కోపం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ కోపం తీర్చుకోవడానికి తిన్నని దారి ఒకటుంది. ప్రోగ్రామర్లు అడుగుతున్న వేగం, కంపైలర్ తానే ఇవ్వడం. ఏళ్ల తరబడి అది జరగలేదు.

పైన మనుషులు మారారు

1984 ఆగస్టులో జార్జ్ టేట్ నలభై ఏళ్లకే గుండెపోటుతో చనిపోయాడు. ఆ ఏడాది చివరికల్లా ఎడ్ ఎస్బర్ సీఈఓ అయ్యాడు. విజికాల్క్ అనే తొలితరం స్ప్రెడ్‌షీట్ అమ్మిన కంపెనీలో మార్కెటింగ్ చూసిన మనిషి. ఆయన హయాంలో అమ్మకాలు పెరిగాయి, కాదనలేం. ఫ్లాపీని కాపీ చేయనివ్వని కాపీ ప్రొటెక్షన్ తీసేశారు, అదీ మంచి పనే. కానీ డీబేస్‌ని పుట్టించిన ర్యాట్లిఫ్ కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. రాసినవాడూ లేడు, మొదట్లో అమ్మినవాడూ లేడు.

డీబేస్ ఒక్కదాని మీదే బతకడం ప్రమాదమని కంపెనీకి తెలుసు, అందుకని చుట్టూ కొనడం మొదలుపెట్టింది. మల్టీమేట్ అనే వర్డ్ ప్రాసెసర్, రాత, లెక్కలు ఒకేచోట చేసే ఫ్రేమ్‌వర్క్, గ్రాఫులు గీసే చార్ట్‌మాస్టర్, మాకింతోష్ కోసం ఫుల్‌రైట్ అనే వర్డ్ ప్రాసెసర్. ఫ్రేమ్‌వర్క్ నిజంగా గొప్ప ప్రోగ్రాం, దానికి అన్యాయం జరిగిందని నేను నమ్ముతాను. డీబేస్ పేరుతోనే మాకింతోష్‌కి ఒకటి తెచ్చారు గానీ, పీసీలో రాసిన డీబేస్ ప్రోగ్రాములు అందులో నడవవు. పేరు చూసి కొన్న ప్రోగ్రామర్లకు దానివల్ల ఏం ఉపయోగం? వీటిలో ఏదీ డీబేస్ స్థానంలో నిలబడలేదు. డబ్బు, మనుషులు, సమయం మాత్రం పంచుకున్నాయి.

డీబేస్ 4

1988 ఫిబ్రవరిలో ప్రకటించారు. డేటాబేస్‌ని ప్రశ్నలడిగే ఎస్‌క్యూఎల్ భాష ఉంటుందన్నారు, కొత్త తెరలు, రిపోర్టు తయారీ, ఫారాల తయారీ అన్నారు. కంపైలర్ కూడా వస్తుందని ప్రోగ్రామర్లు ఆశపడ్డారు. సరుకు చేతికొచ్చింది అక్టోబరులో. వచ్చాక తెలిసింది, అది పూర్తికాకుండానే వదిలారని. మెమరీ ఎక్కువ తింటుంది, నెమ్మది, ఉన్నట్టుండి ఆగిపోతుంది, పత్రికల్లో తప్పుల జాబితాలు వచ్చాయి. క్లిప్పర్ ఇచ్చేలాంటి ఈఎక్స్ఈ ఫైలు ఇచ్చే కంపైలర్ అందులో లేదు.

కొత్త వెర్షన్‌లో తప్పులుండటం ఎవరికైనా జరిగేదే. డీబేస్ 3 మొదటి వెర్షన్‌లోనూ ఉన్నాయి, వెంటనే సరిచేసి నిలబడ్డారు. ఈసారి దెబ్బ కొట్టింది ఆలస్యం. సరిచేసిన 1.1 వెర్షన్ వచ్చింది 1990 జులైలో. ఆ మధ్యకాలంలో కస్టమర్‌కి ప్రోగ్రాం రాసిస్తానని ఒప్పుకున్న ప్రోగ్రామర్ ఏం చేస్తాడు? పని ఆపుకుని కూర్చోలేడు. రాసిన కోడ్ దాదాపు మార్చకుండానే ఫాక్స్‌లో నడుస్తుంది, ఫైళ్లు అవే. మారడానికి ఒక పూట చాలు. ఒకసారి మారినవాడు వెనక్కి రావడానికి కారణం కనపడలేదు.

దాని ఫలితం 1989 లెక్కల్లో కనిపించింది. డీలర్ల దగ్గర అమ్ముడుపోని డీబేస్ 4 డబ్బాలు పేరుకుపోయాయి, కంపెనీ నష్టాల్లోకి జారి ఉద్యోగులను తీసేసింది.

మీ మైక్రోసాఫ్ట్ ప్రశ్నకు సంబంధించిన విషయం ఒకటి ఇక్కడే ఉంది. 1988 జనవరిలో మైక్రోసాఫ్ట్, ఆష్టన్-టేట్ కలిసి నెట్‌వర్క్ మీద నడిచే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ని ప్రకటించాయి. సైబేస్ అనే కంపెనీ తయారుచేసిన దాన్ని ఓఎస్/2 అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మార్చి, రెండు కంపెనీల పేర్లతో అమ్ముదామని ఒప్పందం. డీబేస్ 4 దానితో మాట్లాడుతుందని ఆశ. ఇవాళ మీరు కాలేజీలో నేర్చుకుంటున్న మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ మొదటి డబ్బా మీద ఆష్టన్-టేట్ పేరుంది. డీబేస్ 4 పరిస్థితి చూశాక ఆ భాగస్వామ్యం ముగిసిపోయింది, సర్వర్ మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉండిపోయింది. కాబట్టి ఆ రోజుల్లో ఈ రెండూ శత్రువులు కావు, భాగస్వాములు.

కోర్టు

డీబేస్ 4 విడుదలైన మరుసటి నెల, 1988 నవంబరులో, ఆష్టన్-టేట్ ఫాక్స్ సాఫ్ట్‌వేర్ మీదా, ఫాక్స్‌బేస్‌ని యూనిక్స్ కంప్యూటర్లకు అమ్ముతున్న శాంటాక్రజ్ ఆపరేషన్ అనే కంపెనీ మీదా కాపీరైట్ దావా వేసింది. తెరలు, ఆదేశాలు, ఫైలు రూపం మావేనన్నది వాదన.

బయటినుంచి చూస్తే రెండు కంపెనీల తగాదా. మాలాంటివాళ్లకు అది వేరుగా వినపడింది. నేను రాసిన వేలాది లైన్ల ప్రోగ్రాం ఏ భాషలో ఉందో, ఆ భాష ఒక కంపెనీ సొంత ఆస్తి అంటున్నారు. రేపు ఫాక్స్ మూతపడితే నా కస్టమర్ల గతేంటి, క్లిప్పర్ మీద కూడా పడతారా అని అందరికీ టెన్షన్ పట్టుకుంది. అప్పటిదాకా డీబేస్ మంచిదని పదిమందికి చెప్పిన నోళ్లే జాగ్రత్త అని చెప్పడం మొదలుపెట్టాయి. డీబేస్ అనే పేరు వాడకుండా ఈ భాష మొత్తాన్ని ఎక్స్‌బేస్ అని పిలవడం అలవాటైంది.

1990 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ ఫెడరల్ జడ్జి టెర్రీ హ్యాటర్ ఇచ్చిన ఉత్తర్వు అందర్నీ అదరగొట్టింది. డీబేస్‌కి ఆధారం జేపీఎల్‌డిస్ అని తెలిసి కూడా, కాపీరైట్ నమోదు చేసేటప్పుడు ఆ మాట చెప్పలేదు, కాబట్టి ఆ కాపీరైట్లు చెల్లవు అన్నారు. నేను పైన గుర్తుపెట్టుకోమన్నది ఇదే. పక్కవాణ్ణి ఆపాలని వెళ్లిన కంపెనీ తన ఆస్తికే ఎసరు తెచ్చుకుంది. 1991 ఏప్రిల్‌లో అదే జడ్జి ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. అప్పటికి ఎస్బర్ పదవిలో లేడు, కంపెనీ కొనేవాళ్ల కోసం చూస్తోంది.

1991 జులైలో ఫిలిప్ కాన్ నడుపుతున్న బోర్లాండ్ 43.9 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కొనడానికి ఒప్పందం చేసుకుంది. అమెరికా న్యాయశాఖ ఒప్పుకోవడానికి పెట్టిన షరతు చూడండి: ఫాక్స్ మీద దావా వదులుకోవాలి, డీబేస్ భాష మీద హక్కుందని ఎవరి మీదా వెళ్లకూడదు. ప్రోగ్రామర్లు మూడేళ్లుగా కోరుకున్న హామీ, కంపెనీ పోయాక దక్కింది.

1992లో మైక్రోసాఫ్ట్ కొన్నది ఆ ఫాక్స్ సాఫ్ట్‌వేర్‌నే, 17.3 కోట్ల డాలర్లకు. దావా తొలగిపోయింది గనక నిశ్చింతగా కొనగలిగింది. మీ నాన్నగారు తర్వాత వాడిన ఫాక్స్‌ప్రో మైక్రోసాఫ్ట్‌దే అయ్యుండొచ్చు, అందువల్లే డీబేస్‌ని మైక్రోసాఫ్ట్ మింగేసిందనే మాట మన దగ్గర స్థిరపడిందని నా అనుమానం.

విండోస్ వచ్చాక ఎలాగూ పోయేది కాదా?

ఈ ప్రశ్న చాలామంది వేస్తారు. విండోస్ 3.0 వచ్చింది 1990లో. వర్డ్‌పర్ఫెక్ట్, లోటస్ లాంటి, విండోస్‌కి ముందటి డాస్ మీద ఎదిగిన కంపెనీలు ఆ మలుపులో నిజంగానే దెబ్బతిన్నాయి. ఆష్టన్-టేట్‌కి కూడా ఆ పరీక్ష వచ్చేదే. కానీ ఆ పరీక్ష దాకా అది బతకలేదు. ఆ దెబ్బ తగిలింది బోర్లాండ్‌కి. అప్పటికే తన సొంత డేటాబేస్ పారడాక్స్ ఉండగా డీబేస్‌ని కూడా మోయాల్సి వచ్చింది, విండోస్ డీబేస్ 1994 దాకా తేలేకపోయింది. ఈలోగా యాక్సెస్ తొలి రోజుల్లో 99 డాలర్లకే దొరికింది. మైక్రోసాఫ్ట్ పోటీ వల్ల నష్టపోయింది బోర్లాండ్ చేతిలోని డీబేస్. ఆష్టన్-టేట్ అంతకుముందే తనంతట తాను కూలింది. ఈ రెండిటినీ కలిపేయకండి.

ప్రోగ్రామర్లు వెంట ఉండి ఉంటే విండోస్‌లో కూడా నిలబడేదా? ఫాక్స్‌ప్రోని చూస్తే నిలబడేదనే అనిపిస్తుంది. యాక్సెస్ వచ్చాక కూడా ఫాక్స్‌ప్రోని ప్రోగ్రామర్లు వదల్లేదు. మైక్రోసాఫ్ట్ 2007లో ఇక కొత్త వెర్షన్లు రావని ప్రకటించేదాకా, ఆ తర్వాత కూడా, దాని మీద వ్యాపారాలు నడిచాయి. మన ఊళ్లలో ఇప్పటికీ ఫాక్స్‌ప్రోలో బిల్లు కొట్టే షాపులు కనపడతాయి. క్లిప్పర్ భాషను హార్బర్ అనే ఉచిత కంపైలర్ ఇవాళ్టికీ బతికిస్తోంది. భాషకు ఆయుష్షు ఉంది, తన ఆయుష్షు దానితో ముడిపడి ఉందని కంపెనీ గ్రహించలేదు.

2000 సంవత్సరం గండం (రెండంకెల సంవత్సరంతో లెక్కలు తప్పుతాయన్న భయం) సంగతి కూడా ఒక మాట. డీబీఎఫ్ ఫైలులో తేదీ ఎనిమిది అంకెలుగా నిల్వ ఉంటుంది: సంవత్సరానికి నాలుగు, నెలకు రెండు, రోజుకు రెండు. కాబట్టి ఫైలులోని తేదీలకు ప్రమాదం లేదు. గొడవంతా తెర మీద రెండంకెల సంవత్సరం కొట్టినప్పుడే, 00 అంటే 1900 అని తీసుకునేది. సెట్ సెంచరీ ఆన్ అని ఒక లైను చేర్చి, తెర మీద తేదీ గడి పెంచితే పాత ప్రోగ్రాములు చాలావరకు గట్టెక్కాయి. పెద్ద కంప్యూటర్ల పాత భాష కోబాల్ మీద పనిచేయడానికి మనవాళ్లు విమానాలెక్కుతున్న రోజుల్లో, ఇక్కడ మిగిలిన మేం ఊళ్లలో ఈ పని చేసుకుంటూ తిరిగాం.

మీ పాత ఫైళ్లు

తెరుచుకుంటాయి. కంపెనీ పోయినా దాని ఫైలు రూపం పోలేదు. మ్యాపుల పనిలో వాడే షేప్‌ఫైల్ చూశారా? అందులో వివరాల పట్టిక ఇప్పటికీ డీబీఎఫ్ ఫైలే. షేప్‌ఫైల్లో కాలమ్ పేరు పది అక్షరాలు దాటకూడదని విసుక్కునేవాళ్లకు తెలియని విషయం, ఆ పరిమితి డీబేస్ నుంచి వచ్చిందని.

ముందు ఫ్లాపీలోనివన్నీ హార్డ్ డిస్క్ మీదికి కాపీ చేసుకోండి, అసలు వాటి జోలికి వెళ్లొద్దు. కాపీని లిబ్రెఆఫీస్ కాల్క్‌లో తెరవండి, ఎక్సెల్ కూడా తెరుస్తుంది. డీబీటీ లేదా ఎఫ్‌పీటీ అనే చివరతో అదే పేరు ఫైలు ఉంటే దాన్ని కూడా పక్కనే ఉంచాలి, పొడుగాటి నోట్సు (మెమోలు) అందులో ఉంటాయి. ఎన్‌డీఎక్స్, సీడీఎక్స్ అనేవి ఇండెక్సులు, లేకపోయినా డేటాకి నష్టం లేదు.

తెరవకపోతే, ఫైలులోని బైట్లను అంకెలుగా చూపించే హెక్స్ ఎడిటర్‌లో మొదటి బైటు చూడండి. 03 ఉంటే మెమో లేని డీబేస్ 3 తరహా, 83 ఉంటే మెమో ఉన్నది, ఎఫ్5 అయితే మెమో ఉన్న ఫాక్స్‌ప్రో, 02 అయితే డీబేస్ 2. ఈ చివరిదాన్ని మామూలు ప్రోగ్రాములు చదవలేకపోవచ్చు. డీబేస్ 2 కానివాటిలో తర్వాతి మూడు బైట్లు ఆ ఫైలును చివరిసారి మార్చిన సంవత్సరం, నెల, రోజు. నాన్నగారు ఏ రోజు దాకా దాని మీద పనిచేశారో తెలిసిపోతుంది.

ఇంకో ఉపయోగం. డీబేస్‌లో రికార్డు డిలీట్ చేస్తే చెరిగిపోదు. ప్రతి రికార్డు ముందూ ఒక బైటు ఉంటుంది, మామూలుగా అందులో ఖాళీ, డిలీట్ చేస్తే నక్షత్రం గుర్తు (*). ప్యాక్ అనే ఆదేశం ఇచ్చేదాకా డేటా అక్కడే ఉంటుంది. ఒక చిట్‌ఫండ్ ఆఫీసులో సభ్యుల జాబితా మొత్తం పోయిందని రాత్రిపూట కబురు పెడితే, వెళ్లి రీకాల్ ఆల్ అని కొట్టగానే అంతా తిరిగొచ్చింది. ఎవరూ ప్యాక్ కొట్టలేదు కాబట్టి సరిపోయింది. మీ ఫైళ్లలో కూడా అలా దాగినవి ఉండొచ్చు, ఫాక్స్‌ప్రో లేదా ఏదైనా డీబీఎఫ్ వ్యూయర్‌లో సెట్ డిలీటెడ్ ఆఫ్ పెట్టి చూడండి.

పేర్లు తెలుగులో ఉండాల్సినచోట గజిబిజి గుర్తులు కనపడితే కంగారుపడకండి. అప్పట్లో కంప్యూటర్‌లో జిస్ట్ కార్డు అనే భారతీయ భాషల కార్డు పెట్టి డీబేస్‌లో తెలుగు కొట్టేవాళ్లు, ఆ అక్షరాలు యూనికోడ్‌కి ముందటి ఇస్కీ పద్ధతిలో ఉంటాయి. ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా తీసి ఇస్కీ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేస్తే చదవగలిగే తెలుగు వస్తుంది. మొదటి బైటు ఏమొచ్చిందో, ఫైలు సైజు ఎంతో ఇక్కడ రాయండి, మిగతాది చూద్దాం.